మూడుసార్లు పిలిచే చెయ్యి

తప్పు యాదవ్వది కాదు. మీది.

అబిడ్స్‌లో చెప్పుల షాపు పైన, రెండో అంతస్తులో, ఏసీ కింద కూర్చుని, ఆ కంటి దవాఖాన హాల్లో ఒక్క గంట కూడా నిలబడకుండా "ఆపరేటర్ తప్పిదం" అని టైపు చేసిన మీది. చదవకుండానే దాని కింద సంతకం గీకిన మీది. యంత్రం ఆగి పడిపోతే యంత్రం చేసినవాడిని అడగాలి. మీరు దాని ముందు కూర్చున్న మనిషిని పట్టుకున్నారు. ఎందుకు? ఆమె ఏజెన్సీ మనిషి. ఆమెను తీసెయ్యడానికి ఒక్క ఫోను చాలు. మీ కోడులో తప్పు వెతకాలంటే మాత్రం పని చెయ్యాలి.

ఆ పని ఎవరు చేశారో వినండి.

గురువారం పదకొండున్నరకు సునంద నాంపల్లి స్టేషన్ ఎదురు గల్లీలోని ట్రస్టు కంటి దవాఖానకు వచ్చేసరికి హాల్లో టోకెన్ బోర్డు నల్లగా ఉంది. కింద నూటయాభై మంది. సగం మంది కళ్ళలో చుక్కలు వేసుకుని, తలలు వెనక్కి వాల్చి, దూది నొక్కుకుని కూర్చున్నారు. మిగిలిన సగం మంది కౌంటర్ చుట్టూ మూగి అరుస్తున్నారు. కౌంటర్ వెనక యాదవ్వ లేచి నిలబడి, నోటితోనే పిలుస్తోంది.

"అరవై రెండు! అరవై రెండెవరు? బాసఠ్! ఏ పెద్దాయినా, నీదెంత? చీటీ సూపియ్ జర."

సునంద టోకెన్ యంత్రాలు చేసే కంపెనీలో సర్వీసు మనిషి. ఎక్కడ యంత్రం ఆగితే అక్కడికి బ్యాగు వేసుకుని వెళ్ళాలి, ఆపి మళ్ళీ వెయ్యాలి, కాగితం మీద సంతకం తీసుకోవాలి. ఆమె ఉద్యోగం అంతవరకే. కౌంటర్ కిందికి దూరి యంత్రం డబ్బా మూత తీసింది. ఆపింది, వేసింది. నాలుగు నిమిషాలకు బోర్డు మీద ఎర్రగా ఒకటో నంబరు వెలిగింది. హాలంతా గొల్లుమంది.

"గిదేంది, మల్లా ఒకటి నుంచా? పొద్దుగాల ఆరింటి నుంచి ఉన్న నేను!"

"ఫికర్ చెయ్యకున్రి. నాకు యాదికున్నది," అంది యాదవ్వ. "అరవై రెండు లోపలికి వోయిండు. అరవై మూడు బిచ్చయ్య. బిచ్చయ్యా! యాడున్నవే?"

బిచ్చయ్య లేడు. యంత్రం పడిపోయాక ఇక ఈరోజు చూడరని ఎవరో చెబితే షాద్‌నగర్ బండి ఎక్కి వెళ్ళిపోయాడు. కంటిలో ప్రెషర్ ఉన్న మనిషి. మధ్యాహ్నానికి అతని అల్లుడు ఫోన్‌లో ఫిర్యాదు పెట్టాడు. రెండింటికి అడ్మినిస్ట్రేటర్ జగన్మోహనరావు సునందను గదిలోకి పిలిచాడు. సన్నటి మనిషి. మాట మెత్తన.

"చూడమ్మా, ఈ నెలలో పదకొండుసార్లు ఆగింది. అందులో తొమ్మిది ఆవిడ షిఫ్టులోనే. మధ్యాహ్నం కీర్తి కూర్చుంటే ఇంత గొడవ లేదు. మీ సాఫ్ట్‌వేర్ ఫణికుమార్ గారు రిపోర్టు కూడా పంపించారు."

కంప్యూటర్ ఇటు తిప్పాడు. ఒక్క పేరా. "కారణం: ఆపరేటర్ తప్పిదం. బటన్లను అనవసరంగా పలుమార్లు నొక్కడం."

"ఎవరొచ్చి చూసిన్రు సార్?"

"చూడటమేముంది? యంత్రం ఏం చేసిందో రాసిపెట్టుకునే లాగులు ఉంటాయట కదా, అందులో తెలుస్తుందట. సోమవారం ఆవిడకి ఆఖరు. మంగళవారం నుంచి ఏజెన్సీ కొత్తావిణ్ణి పంపిస్తోంది."

ఆ లాగులు వారం వారం పెన్ డ్రైవులో మోసుకెళ్ళి ఇచ్చేది సునందే. వాటిని ఎవరైనా తెరిచి చూశారని ఆమె ఎన్నడూ అనుకోలేదు. బయటికి వచ్చేసరికి యాదవ్వ టిఫిన్ డబ్బా మూత పెడుతోంది.

"ఏమంటుండు బిడ్డా సారు?"

సునంద చెప్పలేదు. "రేపు పొద్దుగాల నీ ఎనక కూసుంట పెద్దమ్మా. నువ్వెట్ల జేస్తవో సూడాలె."

"సూడు. దాసేదేమున్నది?"

శుక్రవారం ఎనిమిది గంటలకు సునంద ఒక ప్లాస్టిక్ కుర్చీ లాక్కుని యాదవ్వ వెనక కూర్చుంది. ఒళ్ళో నోటుబుక్కు. కౌంటర్ మీద ఐదు బటన్లు. ఆకుపచ్చది తర్వాతి నంబరుకు. పసుపువి మూడు: తెలుగు, ఉర్దూ, హిందీ. ఎర్రది ఆపడానికి.

యాదవ్వ ఆకుపచ్చ నొక్కింది. బోర్డు మీద అంకె మారింది. తర్వాత ఆమె బోర్డు వైపు కాదు, మనుషుల వైపు చూసింది. తెలుగు నొక్కింది. స్పీకర్ పలికింది. ఎవరూ లేవలేదు. ఉర్దూ నొక్కింది. మూడో వరుసలో ఒక ముసలామె తల కదిలింది. హిందీ నొక్కింది. ముసలామె మోకాళ్ళ మీద చేతులు ఆనించి లేవబోయింది. ఆమె నడుము లేచిన మరుక్షణం యాదవ్వ బొటనవేలు ఎర్రదాని మీద పడింది. స్పీకర్ సగం మాటలో ఆగింది.

"నిమ్మలంగ రా అమ్మా. గోడ వట్టుకో. డాక్టరు యాడికి వోడు."

తర్వాత మనిషి. మళ్ళీ తెలుగు, ఉర్దూ, హిందీ. మళ్ళీ ఎర్రది. బీడీలు చుట్టే చెయ్యి లాగా ఆగకుండా నడుస్తోంది.

"అందరికి మూడుసార్లు పిలుస్తవా?"

"మరి? చుక్కలేసినంక అంకెలు గనవడ్తయా బిడ్డా? అంత మసక. బోర్డు ఉన్నా ఒకటే, లేకున్నా ఒకటే. చెవులే గద ఉన్నయి వాళ్ళకు."

"కీర్తి ఒక్కసారే పిలుస్తదట."

"చిన్నపిల్ల. రాకుంటే పక్కకు వెట్టి ఇంకోలను పిలుస్తది. మాపటికి పది మంది మిగుల్తరు. మల్ల తెల్లారి నా తానకే వస్తరు వాళ్ళు."

సునంద రాసుకుంది. ఎన్ని పిలుపులు, పిలుపుకూ పిలుపుకూ మధ్య ఎన్ని సెకన్లు, ఏ బటన్ తర్వాత ఏది. పదకొండు గంటల నలభై నిమిషాలకు డెబ్బై రెండో మనిషిని పిలుస్తుండగా స్పీకర్ కరకరమని ఆగింది. బోర్డు నల్లబడింది. యాదవ్వ చేతులు బటన్ల మీది నుంచి తీసి ఒళ్ళో పెట్టుకుంది, వాటికేదో అంటినట్టు.

"సూసినవ్ గద బిడ్డా. నేనేం జేసిన?"

సునంద ల్యాప్‌టాప్ తగిలించి లాగు తెరిచింది. ఆఖరి వాక్యం: శబ్దం ముగిసింది, పిలుస్తున్నాను. ఆ తర్వాత ఏమీ లేదు. వెనక్కి వెళ్ళి గురువారం లాగు చూసింది. అదే ఆఖరి వాక్యం. అంతకు ముందు వారం, అదే. ఈరోజుతో కలిపి పన్నెండుకు పన్నెండు. యంత్రం ఎవరినో పిలవబోయి పడిపోతోంది. బటన్ నొక్కినప్పుడు కాదు. నొక్కిన శబ్దం అయిపోయినప్పుడు.

అది చాలు ఆమెకు. నాలుగు నిమిషాల్లో డబ్బా మళ్ళీ వేసి, "డెబ్బై రెండు పిలువు పెద్దమ్మా," అని చెప్పి, బ్యాగు భుజాన వేసుకుని, ఆటో కోసం కూడా ఆగకుండా అబిడ్స్‌కు నడిచింది.

కంపెనీ కోడు చదవడానికి అందరికీ అనుమతి ఉంది. చదివేవాళ్ళే లేరు. శుక్రవారం మధ్యాహ్నమంతా సునంద సర్వీసు గదిలో కుర్చీ గోడకు ఆనించి చదివింది. యంత్రంలో రెండు భాషలు. పైన స్క్రిప్టు: టోకెన్లు, బోర్డు, బటన్లు అన్నీ అందులోనే రాశారు. కింద సి భాషలో రాసిన శబ్దపు లైబ్రరీ. స్క్రిప్టు వెళ్ళి సి కి ఒక పని అప్పజెబుతుంది: ఈ శబ్దం వినిపించు, అయిపోగానే ఇదిగో ఈ ఫంక్షన్‌ను పిలువు. ఆ ఫంక్షనే కాల్‌బ్యాక్. సి దాని చిరునామా రాసుకుని పనిలోకి దిగుతుంది.

స్క్రిప్టులో ఊడ్చే పని చేసేది ఒకటి ఉంటుంది. మెమరీలో కొత్త సరుకు పెరిగినప్పుడల్లా వస్తుంది. ఎవరూ పట్టుకోని వస్తువును ఎత్తి పారేస్తుంది. సి చిరునామా రాసుకున్న సంగతి దానికి తెలియదు. తెలియజెప్పవలసింది ఆ రెండింటినీ కలిపే ఫైలు రాసినవాడు. అతను చెప్పలేదు. ఆరు సెకన్ల శబ్దం నడుస్తుండగా ఊడ్చేది వస్తే కాల్‌బ్యాక్ పోతుంది. శబ్దం అయ్యాక సి ఆ చిరునామాకు వెళ్ళి పిలుస్తుంది. అక్కడ ఏమీ ఉండదు. యంత్రం పడిపోతుంది.

నంబరుకు ఒక్కసారే పిలిస్తే చెత్త తక్కువ. ఊడ్చేది ఎప్పుడో గానీ రాదు. మూడుసార్లు పిలిస్తే మూడింతల చెత్త. పొద్దున్నే వస్తుంది. శబ్దం నడుస్తున్న వేళకే వస్తుంది. యాదవ్వ పని సరిగ్గా చేస్తోంది గనుకే యంత్రం ఆమె దగ్గర పడుతోంది. సునంద ఫైలు మొదటికి వెళ్ళి రాసినవాడి పేరు చూసింది. పి.కె. మూడేళ్ళ కిందటిది. తర్వాత ఎవరూ ముట్టుకోలేదు.

శనివారం పదింటికి ఫణికుమార్ వచ్చేసరికి అతని బల్ల మీద టెస్టు యంత్రం నడుస్తోంది. పక్కన సునంద నిలబడి ఉంది.

"ఏంటిది? సర్వీసు కాల్స్ లేవా నీకు?"

"మూడున్నయి సార్, పదకొండింటికి పోత. జర ఇది సూడున్రి."

నోటుబుక్కులోని లెక్కతో ఒక చిన్న ప్రోగ్రాము రాసింది. అది యాదవ్వ లాగా పిలుస్తుంది. తెలుగు, ఉర్దూ, హిందీ, తర్వాతి మనిషి. చేతిలో ఎంత విరామం ఉంటుందో అంతే, డాక్టరు చూసే సమయం మాత్రం తీసేసింది. ఫణికుమార్ కాఫీ తెప్పించుకున్నాడు. ఫోన్ చూసుకున్నాడు. పంతొమ్మిదో నిమిషంలో స్పీకర్ కరకరమంది. బోర్డు నల్లబడింది.

"కోఇన్సిడెన్స్," అన్నాడు.

"మల్ల ఏస్త సార్."

ఇరవై మూడో నిమిషంలో పడింది. ఈసారి అతను కాఫీ ముట్టుకోలేదు. సునంద కలిపే ఫైలు తెరిచి, ఒక లైను మీద వేలు పెట్టింది.

"ఈడ సి కి చిరునామా ఇచ్చినం. మన దగ్గర పట్టుకోలే. ఊడ్చేది వచ్చి తీస్కపోయింది."

ఫణికుమార్ ఆ లైను చదివాడు. తెలివితక్కువవాడు కాదు. చూడగానే అర్థమైంది. అర్థమైన సంగతి అతని మెడ మీద ఎర్రగా కనిపించింది.

"సరే. ఒక పని చేద్దాం. పసుపు బటన్లు లాక్ చేద్దాం. నంబరుకి ఒక్కసారే పిలిచేలా. ఇవాళే పంపించేయొచ్చు."

"అప్పుడు చుక్కలేసుకున్నోళ్ళు ఎట్లొస్తరు సార్?"

"బోర్డు ఉందిగా."

"మీకు ఎన్నడన్న చుక్కలేసిన్రా సార్?"

సునంద పదకొండు లైన్లు రాసింది. శబ్దం మొదలుపెట్టేటప్పుడు కాల్‌బ్యాక్‌ను ఒక పట్టికలో పట్టుకోవాలి. అయిపోయిందని కబురు వచ్చాక వదలాలి. ఆ టెస్టు పెట్టి సర్వీసుకు వెళ్ళి నాలుగింటికి తిరిగొచ్చింది. యంత్రం ఇంకా పిలుస్తూనే ఉంది. లేని మనుషులను ఎనిమిది వందల మందిని పిలిచింది.

"సి ఎక్కడ నేర్చుకున్నావ్?" అన్నాడు ఫణికుమార్. అడిగిన తీరులో ఎగతాళి లేదు.

"గీ కిందనే సార్. ఆదివారం ఫుట్‌పాత్ మీద. అట్ట లేని పుస్తకం."

"డెవలప్‌మెంట్‌లోకి వచ్చెయ్. వచ్చే నెల నుంచి. నేను మాట్లాడతా. సోమవారం పొద్దున్నే ఇది దవాఖానలో పెట్టెయ్. 'శబ్దం మెరుగుపరిచాం' అని రాద్దాం."

"మరి రిపోర్టు?"

"అది పంపించేశాం కదా. వెనక్కి తీసుకుంటే కస్టమర్ ముందు ఎలా ఉంటుంది చెప్పు?"

"యాదవ్వ పెద్దమ్మ నౌకరీ పోతది సార్."

"అది వాళ్ళ ఇంటర్నల్ మేటర్ అమ్మా."

సునంద మెట్లు దిగింది. రెండేళ్ళుగా ఆ మెట్ల మీద బ్యాగు మోస్తూ ఎదురుచూసిన మాట ఆ రోజు విన్నది. అది విన్నాక తిన్న మిర్చి బజ్జీ ఆమెకు రుచించలేదు.

ఆదివారం ఫుట్‌పాత్ పుస్తకాల మీద ఆగకుండా చాదర్‌ఘాట్ బస్సెక్కింది. యాదవ్వ గుమ్మంలో కూర్చుని చిక్కుడుకాయ ఈనెలు తీస్తోంది. సునంద పక్కన కూర్చుని తనూ రెండు కాయలు అందుకుంది. రిపోర్టు సంగతి, సోమవారం ఆఖరన్న సంగతి, రెండూ చెప్పింది. యాదవ్వ చేతులు ఆగలేదు.

"ఏజెన్సోడు నిన్ననే ఫోన్ జేసిండు. ఇంకో తాన సఫాయి పని సూస్తడంట. అది గాదు బిడ్డా, ఏం దప్పు జేసిన్నో గది చెప్పు ముందుగాల."

"నువ్వేం జెయ్యలే. బస్సుల సీటు మీద దస్తీ ఏస్తరు గద?"

"ఔ."

"గట్ల ఒకడు ఇంకొకనికి సీటు నంబరు చెప్పిండు. వచ్చి కూసోమన్నడు. కని దస్తీ ఎయ్యలే. కండక్టరొచ్చి చూసిండు, ఖాళీ సీటని పీకి పారేసిండు. ఎనక వచ్చినోడు సీటున్నదనుకొని కూసోబోయి కిందవడ్డడు. నువ్వు మందిని ఎక్కువ పిలుస్తవు గనక కండక్టరు నీ బస్సుల ఎక్కువసార్లు తిరుగుతుండు."

యాదవ్వ నవ్వింది. "అయితే దస్తీ ఎయ్యనోడు మీ సారా?"

"ఔ. ఇప్పుడు నేనేసిన. వచ్చి కూసున్నంక తీస్త."

యాదవ్వ మరో కాయ విరిచింది. "మరి నడుమల దిగిపోయినోళ్ళ దస్తీ ఎవరు తీస్తరు?"

సునంద చేతిలో కాయ అలాగే ఉండిపోయింది.

శుక్రవారం తన కళ్ళతో చూసింది. ఎర్ర బటన్. లేచిన మనిషి కోసం సగంలో ఆపేసిన శబ్దం. ఆ శబ్దం ముగియదు. ముగిసిందన్న కబురు రాదు. పట్టుకున్నది వదలదు. దాని వెనక ఆ శబ్దమంతా మెమరీలో పడి ఉంటుంది. ఆమె టెస్టులో పసుపు బటన్లే ఉన్నాయి. ఎర్రది పెట్టలేదు. యాదవ్వ చెయ్యి సగమే పెట్టింది. సోమవారం పదింటికల్లా డబ్బా నిండి పడిపోయేది. ఆఖరి రోజున, అందరి ముందు, మళ్ళీ యాదవ్వ షిఫ్టులోనే.

"నువ్వెందుకు ఆపుతవ్ పెద్దమ్మా సగంల?"

"లేసి నిలవడ్డంక గూడ పిలుస్తరా? కనవడక తడుముకుంట వచ్చేటోళ్ళను మైకుల అరిస్తే పదిమంది సూస్తరు. షరమనిపిస్తది."

సునంద నులకమంచం మీద ల్యాప్‌టాప్ తెరిచింది. ఐదు మీటలు చూపించింది. "దవాఖానల లెక్కనే నొక్కు. మంది ముందట ఉన్నరనుకో."

యాదవ్వ చేతులు కొంగుకు తుడుచుకుంది. మొదట వేళ్ళు తడబడ్డాయి. తర్వాత ఎదురుగా గుమ్మం వైపు చూస్తూ, అక్కడ కూర్చున్నట్టు, లేచినట్టు, తనలో తానే అనుకుంటూ నొక్కింది. తెర మీద సునంద ఒక అంకె పెట్టింది: ఇంకా వదలనివి ఎన్ని. ఒకటి. నాలుగు. తొమ్మిది. నలభై పిలుపులకు ఇరవై ఆరు మిగిలాయి. దిగలేదు.

సునంద ఎర్ర బటన్ దగ్గరే వదిలేలా రాసింది. నాలుగో పిలుపుకే ప్రోగ్రాము కూలింది. ఆపమన్నా సి వెంటనే ఆగడం లేదు. ఆఖరి మాట ఒకటి మిగిలి ఉంది దానికి.

"మనిషింక దిగనే లేదు, దస్తీ గుంజినవ్," అంది యాదవ్వ.

"నువ్వు నాకు సారువైనవ్ పో!"

సునంద శబ్దపు లైబ్రరీ కాగితాలన్నీ మొదటి నుంచీ చదివింది. యాదవ్వ కూర తాలింపు వేసింది, అన్నం వార్చింది. దొరికింది. ముగిసినా, సగంలో ఆపినా, ఇక ఈ శబ్దంతో నాకు పనిలేదని సి చెప్పే కబురు ఒకటుంది. రెండు దారులూ అక్కడికే వస్తాయి. వదలడం అక్కడే, ఇంకెక్కడా కాదు. ఆ లైను అక్కడికి మార్చింది. యాదవ్వ మళ్ళీ నొక్కింది. అంకె పెరిగింది, తగ్గింది. మూడు. ఒకటి. నాలుగు. రెండు. చెయ్యి తీసేసింది. ఆరు సెకన్లకు సున్న.

"మల్ల," అంది సునంద.

రెండు వందల పిలుపులు. సున్న. తిని మళ్ళీ మూడు వందలు. సున్న. చేతిని తెర దగ్గర పెట్టి, ఇది నాది అన్నట్టు, ఆ సున్నను యాదవ్వ చూపుడువేలుతో ముట్టింది.

సోమవారం ఏడున్నరకు సునంద డబ్బాలో కొత్తది పెట్టింది. ఎనిమిదికి యాదవ్వ కూర్చుంది. కంటి క్యాంపు వాళ్ళు కూడా వచ్చారు, హాలు నిండింది. తొమ్మిదికి ఫణికుమార్ వచ్చి గోడకు ఆనుకుని నిలబడ్డాడు. పది. పదకొండున్నర. ఎక్కడ పడాలో అక్కడ పడలేదు. చుక్కలు వేసుకున్న మనుషులు పిలుపు విని తలలెత్తారు, లేచారు, స్పీకర్ సగంలో ఆగింది, గోడ పట్టుకుని లోపలికి వెళ్ళారు. ఫణికుమార్ మొదటిసారి ఆ బొటనవేలును చూశాడు. ఎందుకు ఆగుతోందో అర్థమయ్యాక బోర్డు వైపు చూడటం మానేశాడు.

రెండింటికి నూట ముప్పై ఎనిమిదో మనిషి లోపలికి వెళ్ళాడు. ఎవరూ మిగల్లేదు. జగన్మోహనరావు కాగితం పట్టుకుని వచ్చాడు, నవ్వుతూ.

"చాలా బాగుంది. ఫణికుమార్ గారు చెప్పారు, సాఫ్ట్‌వేర్ ఇంప్రూవ్ చేశామని. యాదవ్వా, నువ్వు కూడా జాగ్రత్తగా చేశావు ఇవాళ. ఈసారికి మాఫీ. ఇదిగో, ఇక్కడ సంతకం పెట్టు. రేపు మామూలుగా వచ్చెయ్."

యాదవ్వ కాగితం తీసుకుని సునందకు ఇచ్చింది. "సదువు బిడ్డా. గట్టిగ."

సునంద చదివింది. "నా నిర్లక్ష్యం వల్ల యంత్రం ఆగినందుకు చింతిస్తున్నాను. ఇకపై బటన్లను అనవసరంగా నొక్కనని హామీ ఇస్తున్నాను."

సునంద ఊహించింది వేరు. నౌకరీ నిలబడింది కదా, పెద్దమ్మ సంతకం పెడుతుంది, రిపోర్టు కోసం తను తర్వాత కొట్లాడుకోవాలి అనుకుంది. కుర్చీ లోంచి యాదవ్వ లేచింది. తన దగ్గరుండే సొరుగు తాళంచెవి కౌంటర్ మీద పెట్టింది.

"నేను వెట్ట సార్."

"అదేంటమ్మా? నీ మంచికే కదా."

"తప్పు జేస్తే గద మాఫీ. దీని మీద సంతకం వెడితే రేపటి సంది నేను ఒక్కసారే పిలవాలె. నేను మూడుసార్లే పిలుస్త. రేపు గూడ మూడుసార్లే. గది అనవసరమని రాసినంక నేనీడ కూసునేది లేదు. సఫాయి పని నాకేం కొత్త గాదు."

ఆమె గొంతు పెరగలేదు. జగన్మోహనరావు ఫణికుమార్ వైపు చూశాడు. ఫణికుమార్ సునంద వైపు చూశాడు. సునంద ల్యాప్‌టాప్ కౌంటర్ మీద పెట్టి అతని వైపు తిప్పింది. గురువారం రిపోర్టు తెరిచి ఉంది. దాని కింద ఆమె కొత్త పేరా ఒకటి రాసి పెట్టింది. కారణం ఏ ఫైలులో ఉంది, ఏ లైనులో ఉంది, ఏ సంవత్సరం నుంచి ఉంది.

"దీని మీద మీ పేరు పెట్టున్రి సార్."

"డెవలప్‌మెంట్ సంగతి మాట్లాడాను నేను," అన్నాడు మెల్లగా.

"తెలుసు సార్. ఆ పని నాకొస్తది. మీరు ఇయ్యకున్నా వస్తది."

ఫణికుమార్ కీబోర్డు మీద చేతులు పెట్టాడు. "సాంకేతిక సమస్య" అని టైపు చేశాడు. యాదవ్వ వైపు చూశాడు. ఆమె ఇంకా నిలబడే ఉంది. ఆ రెండు మాటలు చెరిపేశాడు. "ఆపరేటర్ తప్పిదం లేదు. ఆపరేటర్ పద్ధతి సరైనది. తప్పు మా కోడుది, రాసింది నేను" అని కొట్టి, పూర్తి పేరు పెట్టి పంపించాడు. జగన్మోహనరావు ఫోన్ టింగుమంది. చదివి, చేతిలోని హామీ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టాడు.

"నాకొక కాపీ గావాలె సార్," అంది యాదవ్వ. "ఏజెన్సోనికి సూపెట్టాలె."

కాపీ వచ్చింది. యాదవ్వ దాన్ని టిఫిన్ సంచిలో నిలువుగా పెట్టి, తాళంచెవి తీసుకుంది. సునంద మాత్రం ల్యాప్‌టాప్ మూయలేదు. పాత రిపోర్టుల ఫోల్డరు తెరిచింది. అదే యంత్రం, అదే ఫైలు, అదే "ఆపరేటర్ తప్పిదం", ఇంకా ఆరు చోట్ల. కాపీ కొట్టి అతికించినవి. ఖైరతాబాద్‌లోని ఒక ల్యాబులో కౌంటర్ మీద కూర్చున్న నాగవల్లిని మార్చిలోనే తీసేశారు.

"ఇవి సార్?"

ఫణికుమార్ గడియారం చూసుకున్నాడు. రేపు చూద్దామన్నాడు.

రేపు కాదు. ఆ ఆరు రిపోర్టులూ ఇప్పుడు తెరవండి. యంత్రాల్లో కొత్త కోడు పెట్టే ముందు ఆ మాటలు చెరపండి, మీ పేరుతో నిజం రాయండి, ఎవరెవరిని తీసేశారో వాళ్ళందరి చేతికీ ఆ కాగితం అందించండి. నాగవల్లి ఫోన్ నంబరు ఏజెన్సీ దగ్గర ఉంది. ముందు ఆమెకు ఫోన్ చెయ్యండి. తియ్యకపోతే మళ్ళీ చెయ్యండి.